మబ్బూ, ముంతా

శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఆ మెయిల్ వచ్చింది. ఇంజనీరింగ్ ఆఖరి ఏడు చదువుతున్న మా పక్కింటి కుర్రాడికి ఉద్యోగం వచ్చిందని వీధంతా తెలియడానికి పావుగంట కూడా పట్టలేదు. వాళ్లమ్మ మైసూర్‌పాక్ పెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. కుర్రాడి మొహంలో మాత్రం పండగ కళ లేదు. ఏడాదికి మూడున్నర లక్షల జీతం. సోమవారం ఉదయం పదింటిలోగా ఒప్పుకున్నట్టు సంతకం చేసి పంపాలి, పంపకపోతే ఆఫర్ రద్దు. సంతకం చేసి ఆనక చేరకపోతే వచ్చే ఏడు ఆ కంపెనీ మన కాలేజీ గడప తొక్కదని కాలేజీలో ప్లేస్‌మెంట్లు చూసే టీపీఓ సారు ముందే హెచ్చరించారు. ఇతనేమో అంతకు వారం ముందే, కాలేజీతో సంబంధం లేకుండా సొంతంగా దరఖాస్తు పెట్టుకున్న ఇంకో కంపెనీలో ఆఖరి రౌండు దాకా వెళ్లి వచ్చాడు. జీతం దాదాపు రెట్టింపు. పని కూడా అతను మూడేళ్లుగా చెయ్యాలనుకుంటున్నదే. ‘తెలియజేస్తాం’ అన్నారట. ఎప్పుడో చెప్పలేదు.

శనివారమంతా ఇంట్లో సభ నడిచింది. వచ్చిన లక్ష్మిని కాలదన్నకూడదని అమ్మ అంటోంది. చదువుకు చేసిన అప్పు గురించి నాన్న ఒక్క మాటా ఎత్తలేదు, పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. ఎత్తకపోవడం వల్ల అది ఇంకా గట్టిగా వినబడింది. మంచం మీంచి నాయనమ్మ మాత్రం దాచుకోలేదు: ‘మబ్బులు చూసి ముంత ఒలకబోసుకుంటావుట్రా?’

ఈ సామెతను మనం ఆశపోతుల మీదికి విసురుతుంటాం. కానీ అందులో మనిషిని చూడండి. అతను మబ్బు పట్టిందని కల గనలేదు, మబ్బు నిజంగానే పట్టింది. వాన ఎప్పుడు పడుతుందో చెప్పే నాథుడు లేడు, అంతే. దాని మీద, సోమవారం పదింటికి ఈ ముంతలో నీళ్లు కూడా ఆవిరైపోతాయని ఎవరైనా షరతు పెట్టి ఉంటే సామెత ఎలా తయారయ్యేదో!

మెట్ట రైతుకు ఈ ఇరకాటం కొత్త కాదు. అనంతపురం వైపు వేరుశనగ వేసేవాళ్లు ఏటా తొలివానల నాడు ఇదే లెక్క వేసుకుంటారు. ఒక వాన పడింది, నేలలో పదునుంది. విత్తెయ్యాలా, ఇంకో మంచి వానకు ఆగాలా? విత్తాక వాన మొహం చాటేస్తే విత్తనం మట్టిపాలు. ఆగితే అదను దాటిపోతుంది. అయినా రైతుకు ఒక ఆధారముంది: మట్టిని గుప్పిట్లోకి తీసుకుని నొక్కి చూస్తే పదును ఇంకెన్నాళ్లు నిలుస్తుందో కొంత తెలుస్తుంది. ‘తెలియజేస్తాం’ అన్న మాటను ఎంత నొక్కి చూస్తే ఏం తెలుస్తుంది?

లెక్కల పండితులు కూడా ఈ చిక్కు మీద చాలా కాగితం ఖర్చు పెట్టారు. వాళ్ల కథల్లోకి తరచు వచ్చేవాడు ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్. 1611లో భార్య పోయాక ఆయన రెండో పెళ్లికి పదకొండు సంబంధాలు చూశాడు. ఒకదాన్ని ఇంకోదానితో బేరీజు వేసుకుంటూ చాలాకాలం నలిగి, చివరికి ఐదో సంబంధమే ఖాయం చేసుకుని 1613లో పెళ్లాడాడు. గ్రహాల దారి కనిపెట్టిన మనిషికే అంత పట్టింది. తరవాతి గణితజ్ఞులు దీనికో సూత్రం కట్టారు. మొత్తం ఎన్ని అవకాశాలు వస్తాయో ముందే తెలిసి, వదిలేసింది మళ్లీ దొరకదనుకుంటే, మొదటి 37 శాతాన్ని ఊరికే చూసి వదిలెయ్యాలి. ఆపైన, అంతవరకు చూసినవాటన్నిటి కంటే మేలైనది కనబడగానే పట్టుకోవాలి. లెక్కలో తప్పు లేదు. కానీ ఆ సూత్రంలో చదువు అప్పు లేదు, పేపరు చాటున కూర్చున్న నాన్న లేడు. పైగా మా కుర్రాడికి వచ్చింది మొదటి ఆఫర్. సూత్రం ప్రకారమైతే కళ్లు మూసుకుని వదిలేసుకోవాలి. ఈ సంగతి వాళ్లమ్మకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

విచిత్రమేమిటంటే, సీట్ల విషయంలో మనం ఈ ముడిని చాలావరకు విప్పుకున్నాం. ఐఐటీలు, ఎన్‌ఐటీలు 2015 నుంచి ‘జోసా’ పేరుతో కలిసి సీట్లు ఇస్తున్నాయి. అంతకుముందు ఎవరి కౌన్సెలింగ్ వారిది. ఒకే పిల్లవాడు రెండు చోట్ల సీటు పట్టుకోవడం, ఒకటి చివరికి ఖాళీగా మిగిలిపోవడం మామూలుగా ఉండేది. ఇప్పుడు సీటొచ్చిన పిల్లల ముందు మూడు మాటలుంటాయి: ఫ్రీజ్, స్లైడ్, ఫ్లోట్. వచ్చిందే చాలనుకుంటే ఫ్రీజ్. అదే కాలేజీలో ఇంకా మంచి బ్రాంచి కావాలంటే స్లైడ్. ఎక్కడైనా సరే, తాను ఇంతకంటే పైన రాసుకున్నది దొరికితే వెళ్తాననుకుంటే ఫ్లోట్. ఫ్లోట్ పెట్టినవాడి సీటు ఎక్కడికీ పోదు. పైది దొరికితే అందులోకి జరుగుతాడు, దొరక్కపోతే ఉన్నదే ఖాయం. ముంత ఒలకదు, మబ్బు మీద ఆశా చావదు. కౌన్సెలింగ్ రోజుల్లో మన ఇళ్లలో పెద్దవాళ్లు కూడా ‘మావాడు ఫ్లోట్ పెట్టాడు’ అని చెప్పుకుంటూనే ఉంటారు. పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఇచ్చిన ఈ వెసులుబాటు, నాలుగేళ్లు తిరిగి ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి మాయమైపోతోంది.

ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు. 1940లలో అమెరికా ఆసుపత్రులు ఇంటర్న్‌ల కోసం పోటీ పడీ పడీ, చదువు పూర్తి కావడానికి రెండేళ్ల ముందే విద్యార్థులను ఖాయం చేసుకునే దాకా వెళ్లాయి. ఆ పరుగు ఆపడానికి, ఫలానా తేదీకి ముందు విద్యార్థుల వివరాలు బయటికి ఇవ్వబోమని వైద్య కళాశాలలు 1945లో కట్టుబడ్డాయి. తొందర ఆగలేదు, ఇంకో దారిన వచ్చింది. తమ పిలుపు అందుకున్న విద్యార్థి అంతకంటే మంచి ఆసుపత్రి కోసం చూస్తూ కూర్చుంటాడని భయపడి, ఆసుపత్రులు గడువు తగ్గించడం మొదలుపెట్టాయి. 1945లో పది రోజులుండేది. 1949కి వచ్చేసరికి పన్నెండు గంటలు కూడా మరీ ఎక్కువని తోసిపుచ్చారు! అంటే రాత్రి పడుకుని పొద్దున ఆలోచించుకునే వ్యవధి కూడా ఇవ్వలేమన్నమాట. చివరికి అందరూ విసిగి, 1952 నుంచి ఇరుపక్షాలూ తమ ఇష్టాల వరస రాసిస్తే ఒకేసారి జత కుదిర్చే ఏర్పాటు చేసుకున్నారు. పదేళ్ల తరవాత, 1962లో, డేవిడ్ గేల్, లాయిడ్ షేప్లీ అన్న ఇద్దరు గణితజ్ఞులు తమ దారిన తాము ఇలాంటి పద్ధతినే లెక్కగా రాశారు. అందులో కీలకం మన పెళ్లిసంబంధాల వాళ్లకు ఇట్టే తెలుస్తుంది: నచ్చిన సంబంధాన్ని కాదనకుండా ఉంచుకోవచ్చు, అన్నీ తేలేదాకా తాంబూలాలు మాత్రం పుచ్చుకోకూడదు. షేప్లీకి, ఈ జతల లెక్కను లోకం పనికి మలిచిన ఆల్విన్ రాత్‌కు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. అమెరికాలో రెసిడెన్సీ కోసం వెళ్లే మన తెలుగు డాక్టర్లు మార్చి మూడో శుక్రవారం గుండెలు చిక్కబట్టుకుని కూర్చునేది ఈ జత కోసమే.

ఆ పాత కథలో నాకు పట్టుబడిన సంగతి ఒకటుంది. గడువు కుదించినవాళ్లు దుర్మార్గులేం కాదు, భయస్తులు. మా కుర్రాడికి శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి సోమవారం ఉదయం పది దాకా ఇచ్చినవి అరవై నాలుగు గంటలు. అందులో ఒక శనివారం, ఒక ఆదివారం. అతను పనిలో చేరవలసింది వచ్చే జూలైలో. జూలైలో చేరేవాడి సంతకం డిసెంబర్‌లో అరవై నాలుగు గంటల్లో ఎందుకు కావాలి? పనికోసం కాదు. వాడికి ఇంకో మాట వినబడకుండా ఉండటానికి.

పోనీ, అంత తొందరగా పుచ్చుకున్న మాటను ఇచ్చినవాళ్లైనా నిలబెట్టుకుంటున్నారా? 2022లో పట్టా పుచ్చుకున్న వేలాదిమంది ఇంజనీర్లు ఆఫర్ లెటర్లు బీరువాలో పెట్టుకుని, చేరే తేదీ కోసం ఏడాది, కొందరు రెండేళ్లు ఎదురుచూశారు. 2023లో ఒక పెద్ద కంపెనీ ఆరున్నర లక్షల జీతమని చెప్పిన పిల్లలనే మూడున్నర లక్షలకు చేరతారా అని అడిగింది. ఉద్యోగమిచ్చేవారు పరిస్థితులు మారాయని మాట మార్చుకుంటే అది వ్యాపారం. ఇరవై రెండేళ్లవాడు మార్చుకుంటే నీతిమాలినతనం. ఈ కొలత నాకు నచ్చదు.

అలాగని ఈవైపు అందరూ అమాయకులే అనను. 2021, 22 సంవత్సరాల్లో ఉద్యోగాలు ఎడాపెడా దొరికినప్పుడు ఒక ఆఫర్ చూపించి ఇంకోటి, అది చూపించి మూడోది పెంచుకుంటూ పోయినవాళ్లను చూశాం. చేరవలసిన రోజు ఉదయం ఫోన్ ఆపేసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ కుర్చీ కోసం ఎదురుచూసిన ఇంకొకరి సంగతి వాళ్లకు తట్టలేదు. ఐటీ కంపెనీలు పెట్టుకున్న మూడు నెలల నోటీసు పీరియడ్ కూడా ఇందుకు తోడ్పడింది. మూడు నెలలు తలుపు తెరిచి ఉంచితే గాలి ఒక్కవైపు నుంచే రమ్మంటే వస్తుందా?

ఎదురుచూపుల్లో ఇంకో రకముంది, దాని సంగతి వేరు. హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో, చిక్కడపల్లి గ్రంథాలయంలో ‘ఈ ఒక్క ఏడాదీ చూద్దాం’ అనుకుంటూ ప్రైవేటు ఉద్యోగాలు వదులుకున్నవాళ్లు ఎందరో. తెలంగాణ గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చింది. అక్టోబర్‌లో రాసిన ప్రిలిమ్స్ పేపర్ల లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాసిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటనే పోయి, 563 పోస్టులతో కొత్తది వచ్చింది. ఇక 1998 డీఎస్సీ రాసి అర్హత సాధించినవారికి టీచర్ ఉద్యోగాలివ్వాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది 2022లో. మధ్యలో ఇరవై నాలుగేళ్లు. బడిలో అడుగుపెట్టేసరికి కొందరికి రిటైర్మెంట్ కనుచూపు మేరలోకి వచ్చేసింది. ఇక్కడ మాత్రం నాయనమ్మ పక్షమే నాది. ఉద్యోగంలో చేరి, రాత్రిళ్లు చదువుకుని పరీక్ష రాయడం కష్టమే. కానీ ఏ కోర్టులో ఏ కాగితం ఆగుతుందో తెలియని దారిలో ఖాళీ ముంతతో నడవడం ఇంకా కష్టం.

మా కుర్రాడు ఆదివారం రాత్రి మా ఇంటికొచ్చాడు. గడువు పెంచమని అడిగితే ఉన్నది కూడా పోతుందేమోనని వాడి భయం. మన పిల్లలకు మార్కులు తెచ్చుకోవడం నేర్పాం, నోరు తెరిచి నాలుగు రోజుల వ్యవధి అడగడం నేర్పలేదు. అడిగినంత మాత్రాన ఆఫర్ వెనక్కి తీసుకునే కంపెనీ అరుదు. తీసుకుంటే, అక్కడ పని ఎలా ఉండబోతోందో ఒక్క మెయిల్‌తో తెలిసిపోయినట్టే. ఇద్దరం కూర్చుని రెండు ఉత్తరాలు రాశాం. మొదటి కంపెనీకి: ఆఫర్ అందింది, సంతోషం, ఇంట్లో మాట్లాడుకుని నిర్ణయించుకోవడానికి గురువారం దాకా సమయమివ్వండి. రెండో కంపెనీకి: నా చేతిలో ఒక ఆఫర్ ఉంది, మీ దగ్గర పనిచెయ్యాలనే నా కోరిక, గురువారంలోగా ఏదో ఒకటి చెప్పగలరా? అబద్ధం లేదు, బేరం లేదు.

మొదటి కంపెనీ బుధవారం సాయంత్రం దాకా గడువిచ్చింది. ఆ హెచ్‌ఆర్ అమ్మాయి ఎవరో గానీ, ‘తొందరేం లేదు, బాగా ఆలోచించుకోండి’ అని ఒక ముక్క కూడా చేర్చింది. వాడికి ఆ కంపెనీ మీద మనసు పడింది ఆ వాక్యం చూశాకే. బుధవారం ఐదింటికి సంతకం చేసి పంపాడు. ఇక వేరే ఇంటర్వ్యూలకు వెళ్లనని వాడంతట వాడే అన్నాడు, నేను అడగలేదు.

ఉద్యోగాలిచ్చే పెద్దలకు ఒకటే మనవి. క్యాంపస్ పిల్లలకు కనీసం పది రోజులివ్వండి. 1945 నాటి ఆసుపత్రులు కూడా అంత ఇచ్చాయి. తీసుకోనివాళ్లకు ‘తీసుకోవడం లేదు’ అని ఒక్క ముక్క రాయండి. దానికి ఖర్చేమీ కాదు, ఒక ఇంట్లో రాత్రి నిద్ర దక్కుతుంది.

ఇది రాసే రోజుకు మా కుర్రాడు రెండో కంపెనీకి ఉత్తరం పంపి పద్దెనిమిది రోజులైంది. అవుననీ రాలేదు, కాదనీ రాలేదు.