పాలు ఇంకిపోవడం లేదు, మనమే ఇంకిస్తున్నాం

‘పాలు ఇంకిపోయాయి డాక్టరు గారూ’ అన్న మాటను నా వైద్య జీవితంలో కొన్ని వందలసార్లు విన్నాను. ఆ మాట చెప్పిన తల్లులకు నేనూ అందరిలాగే రెండు మాత్రలు రాసి, పాలు, పండ్లు బాగా తీసుకొమ్మని చెప్పి పంపేవాడిని. పదవీ విరమణ చేసి, ఎదుటివారి మాటను చివరివరకు వినే తీరిక చిక్కిన తర్వాత గాని, ఆ వాక్యంలో కర్త ఎవరో నాకు బోధపడలేదు. పాలు వాటంతటవి ఇంకిపోవడం అరుదు. ఇంకించేవారు వేరే ఉంటారు.

మా అపార్టుమెంటులో కింది అంతస్తులో ఉండే మిత్రుడి కోడలు ఇటీవల నా వద్దకు వచ్చింది. హైదరాబాదులోనే ఒక పెద్ద కార్యాలయంలో ఉద్యోగం. బిడ్డకు ఏడో నెల. ఇంట్లో అత్తగారు తెలగపిండి, మునగాకు వండి పెడుతున్నారు. వెల్లుల్లి కారం, సొరపిట్టు కూడా అయ్యాయి. అయినా పాలు చాలడం లేదని ఆమె బాధ. పగటిపూట ఎన్నిసార్లు పాలు తీస్తున్నావమ్మా, ఎక్కడ తీస్తున్నావు అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. ‘ఒక్కసారే అంకుల్, భోజనాల వేళ. టాయిలెట్‌లో కమోడ్ మూత వేసుకుని కూర్చుంటాను. పది నిమిషాలయ్యేసరికి ఎవరో ఒకరు తలుపు కొడతారు’ అంది. తీసిన పాలు ఏం చేస్తావని అడిగాను. ‘అక్కడే బేసిన్‌లో పారబోస్తాను. ఒకసారి ఆఫీసు ఫ్రిజ్‌లో పెడితే నవ్వుకున్నారు’ అంది.

ఆమెకు మాత్రలు రాయలేదు. ఆమెకు రోగం లేదు కనుక. రోగం ఆ కార్యాలయానిది.

పాల ఉత్పత్తి గురించి మన పాడి రైతుకు తెలిసినంత కూడా మన మేనేజర్లకు తెలియదు. తల్లిని పాడిపశువుతో పోలుస్తున్నానని కోపగించుకోకండి. క్షీరద ధర్మం అందరికీ ఒకటే. ఒక పూట పాలు తీయకుండా వదిలేస్తే మరునాటికి పాలు తగ్గుతాయని రైతు ఎరుగును. కొత్త మనిషి వచ్చి అదిలిస్తే గేదె చేపదని, పొదుగు నిండా పాలున్నా చుక్క రాల్చదని కూడా ఎరుగును. వైద్యశాస్త్రం చెప్పేదీ అదే. పాలు తయారుకావడానికి ప్రొలాక్టిన్, తయారైన పాలు చేపుకు రావడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోన్లు పనిచేస్తాయి. భయం, సిగ్గు, ఆందోళన, నొప్పి ఈ రెండో హార్మోనును అణచివేస్తాయి. తలుపు ఎవరు కొడతారోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్న తల్లికి పంపు ఎంత ఖరీదైనదైనా పాలు రావు. ఇక రొమ్ములో పాలు నిండి అలాగే నిలిచిపోతే, ‘ఇక్కడ గిరాకీ లేదు’ అన్న సంకేతం అందుకుని శరీరం ఉత్పత్తిని తగ్గించుకుంటుంది. ఆ లోపల రొమ్ములు గట్టిపడతాయి, సలుపు పుడుతుంది, జ్వరం వస్తుంది. నిర్లక్ష్యం చేస్తే చీముగడ్డ అవుతుంది.

అందువల్ల బిడ్డకు దూరంగా ఎనిమిది, తొమ్మిది గంటలుండే తల్లి సుమారు మూడు గంటలకొకసారి పాలు తీయాలి. ఒక్కొక్కసారికి పదిహేను, ఇరవై నిమిషాలు. ఆమె అడిగేది ఇంతే. దీనికే మన కార్యాలయాలు ఆకాశం విరిగి మీద పడినట్లు ప్రవర్తిస్తాయి. సిగరెట్టు కోసం రోజుకు నాలుగుసార్లు మెట్లు దిగేవారి నిమిషాలను లెక్కించిన అధికారిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇక చట్టం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం, తిరిగి విధుల్లో చేరిన తల్లికి మామూలు విశ్రాంతి వేళకు అదనంగా రోజుకు రెండు విరామాలు, బిడ్డకు 15 నెలలు నిండేవరకు ఇవ్వాలని చెప్పింది. 2017 సవరణ సెలవును 26 వారాలకు పెంచింది. 50 మంది, అంతకుమించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లవచ్చని చెప్పింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ విరామాలు, ఈ కేంద్రాలు ఉన్నాయి. చదవడానికి బాగుంది. కానీ 26 వారాలలో 8 వారాల వరకు ప్రసవానికి ముందే వాడుకోవచ్చు. కాళ్ల వాపులు, రక్తపోటు వల్ల అలా వాడుకోవలసివచ్చిన స్త్రీకి ప్రసవం తర్వాత మిగిలేవి 18 వారాలు, అంటే నాలుగు నెలలు దాటి కొద్ది రోజులు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ పట్టవద్దని, ఆ తర్వాత ఇతర ఆహారంతోపాటు రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మేమూ అదే చెబుతాం. నాలుగు నెలలకు, ఆరు నెలలకు నడుమనున్న ఆ అగాధాన్ని ఎలా దాటాలో మాత్రం ఎవరూ చెప్పరు.

పైగా చట్టం ఊహించింది బిడ్డకు పాలిచ్చే విరామాన్ని. బిడ్డ కూకట్‌పల్లిలో, తల్లి గచ్చిబౌలిలో ఉంటారని 1961లో ఎవరు ఊహిస్తారు? పాలు పిండుకోవడానికి ఒక గది ఉండాలని, ఆ గది మరుగుదొడ్డి కాకూడదని ఆ చట్టంలో ఒక్క వాక్యం లేదు. ‘బిడ్డ ఇక్కడ లేదు కదా, విరామం ఎందుకు?’ అని అడిగే తెలివైన అధికారులకు ఆ ఖాళీ చాలు. అమెరికాను చూడండి. అక్కడ దేశమంతటికీ వర్తించే వేతన సహిత ప్రసూతి సెలవే లేదు. ఆ విషయంలో వారికన్నా మనమే నయం. అయినా 2010లో అక్కడ చేసిన చట్టం బిడ్డ పుట్టిన ఏడాది వరకు పాలు తీసుకునేందుకు తగిన వ్యవధి ఇవ్వాలని, ఇతరుల కంటపడని, ఎవరూ చొరబడని, స్నానాల గది కాని చోటు చూపాలని స్పష్టంగా చెప్పింది. 2022లో మరిన్ని వర్గాల ఉద్యోగినులకు దాన్ని విస్తరించారు. అక్కడ ఉద్యోగాలు చేసే మన ఆడపిల్లలను అడగండి, చెబుతారు.

‘డబ్బాపాలు ఉన్నాయిగా’ అనేవారికి ఒక్క మాట. నిజంగా పాలు లేని తల్లికి, వైద్య కారణాల వల్ల ఇవ్వలేని తల్లికి డబ్బాపాలు అవసరమే, అందులో తప్పేమీ లేదు. ఇప్పటికే మాన్పించిన తల్లులెవరైనా ఇది చదువుతుంటే, నేను మిమ్మల్ని నిందించడం లేదు. కానీ డబ్బాపాల ప్రకటనలను నిషేధిస్తూ 1992లోనే చట్టం చేసుకున్న దేశంలో, తలుపుకు గడియ లేక ఒక తల్లి డబ్బా కొనుక్కోవలసిరావడం సిగ్గుచేటు. ‘ఆరు నెలలు నిండాయి, ఇక అన్నం పెట్టొచ్చు’ అనేది మరో వాదన. ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య కూడా బిడ్డకు కావలసిన శక్తిలో సగం వరకు, అంతకు మించి కూడా తల్లిపాలే ఇవ్వగలవు.

ఇతరులను అనే ముందు నా సంగతి చెప్పుకోవాలి. ఇరవయ్యేళ్ల క్రితం నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రికి సూపరింటెండెంటుగా ఉండేవాడిని. బాలింత సెలవు ముగించుకుని వచ్చిన ఒక స్టాఫ్ నర్సు, డ్యూటీ మధ్యలో అరగంట క్వార్టర్సుకు వెళ్లి పాలిచ్చి వస్తానని అర్జీ పెట్టుకుంది. క్వార్టర్సు రోడ్డుకు అవతలే. ‘ఒకరికిస్తే అందరూ అడుగుతారు’ అని తిరస్కరించాను. ఆగస్టు మొదటి వారం అది. తల్లిపాల వారోత్సవాల బ్యానరు గేటుకు కట్టించింది నేనే. మూడు వారాలకు ఆమె రొమ్ములో చీముగడ్డతో మా సర్జన్ ముందుకే వచ్చింది. కోసి, శుభ్రం చేసి, కట్టుకట్టి పంపారు. కేసు షీటులో కారణం రాసేచోట నా ఉత్తర్వు సంఖ్య ఎవరూ రాయలేదు. ఆమె కూడా ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

పాలు తీసే తల్లులు నన్ను తరచు అడిగే సంగతులు కొన్ని చెబుతాను. యంత్రం లేకపోతే దిగులు పడకండి, చేతులు సబ్బుతో కడుక్కుని చేత్తోనే పిండుకోవచ్చు. ఆ పద్ధతిని నర్సు దగ్గర ఒకసారి నేర్చుకుంటే చాలు. పిండిన పాలు 25 డిగ్రీలు మించని గదిలో నాలుగు గంటలు నిలుస్తాయంటారు. మన వేసవిలో ఏసీ లేని గదికి ఆ లెక్క పనికిరాదు, వెంటనే చల్లబరచాలి. ఫ్రిజ్ లోపలి భాగంలో, తలుపు అరలో కాకుండా, నాలుగు రోజుల వరకు ఉంచవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టడానికి మొహమాటమైతే గడ్డకట్టిన ఐస్ ప్యాకులు వేసిన చల్లటి సంచిలో 24 గంటలు భద్రం. పైన మీగడలా తేలితే పాడైనట్లు కాదు, మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. పాలను కాచవద్దు, మైక్రోవేవ్‌లో అసలే పెట్టవద్దు. గోరువెచ్చని నీటిలో సీసాను కాసేపు ఉంచితే చాలు. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటల్లో వాడకపోతే పారబోయండి. పీక సీసాకు బదులు మన ఉగ్గుగిన్నె మేలు, కడగడం తేలిక, బిడ్డ రొమ్మును మరిచిపోదు. ఇంటికి రాగానే, రాత్రివేళ, సెలవు రోజుల్లో నేరుగా పాలివ్వండి. రాత్రివేళ ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉంటుంది కనుక ఆ పాలివ్వడం మానకండి.

మిత్రుడి కోడలికి మందుల చీటీకి బదులు ఆమె మేనేజరుకు ఒక ఉత్తరం రాసి ఇచ్చాను. లోపల గడియ ఉన్న చిన్న గది, ఒక కుర్చీ, ఒక ప్లగ్గు, చేతులు కడుక్కునే చోటు, భోజన విరామం కాక రెండు ఇరవై నిమిషాలు. అవి వైద్యపరంగా అవసరమని రాసి, కింద నా రిజిస్ట్రేషన్ సంఖ్య వేశాను. ఇలాంటి ఉత్తరం మీ కుటుంబ వైద్యుణ్ణి అడిగి రాయించుకోండి, ఏ వైద్యుడూ కాదనకూడదు.

ఆ ఉత్తరం ఇచ్చి పన్నెండు రోజులైంది. ‘పరిశీలనలో ఉంది’ అని జవాబు వచ్చిందట. బిడ్డకు ఎనిమిదో నెల వచ్చింది.