ఆటలో అరటిపండు ఎవరు?

పిల్లలూ, "ఆటలో అరటిపండు" అనే మాట ఎప్పుడైనా విన్నారా? మా చిన్నప్పుడు పెద్దపిల్లల వెంటపడి ఆటకొచ్చే బుడ్డోణ్ణి అలా అనేవాళ్ళం. వాడు ఆటలో ఉంటాడు, లెక్కలో ఉండడు. అవుటైనా అవుట్ కాదు. బంతి మాత్రం వాడికి రాదు.

ఇక్కడ రూవిలో మా బిల్డింగ్ వెనక పార్కింగ్‌లో పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతుంటే, బాల్కనీలో బట్టలు తీస్తూ చూస్తుంటాను. అక్కడా ఒక అరటిపండు ఉన్నాడు. జట్టు ఓడిపోతుంటే వాడికి బంతి అసలే ఇవ్వరు. అడిగితే, "టైం లేదు ఆంటీ, వాడికిస్తే పోతుంది" అంటారు.

నేను ఒప్పుకోను. చివర్లో గెలిచే జట్లు దీనికి తలకిందులుగా ఆడతాయి.

2025లో అమెరికాలో ఇండియానా పేసర్స్ జట్టు, పోయిందనుకున్న ఆటల్ని మళ్ళీ మళ్ళీ ఆఖరి నిమిషంలో గెలిచింది. మే 21న న్యూయార్క్ నిక్స్ మీద ఆడుతున్నారు. మూడు నిమిషాలు కూడా లేవు, 14 పాయింట్లు వెనకబడ్డారు. అయినా గెలిచారు! అందరూ టైరీస్ హాలిబర్టన్ పేరే చెప్తారు. ఆఖరి క్షణంలో అతను వేసిన బంతి రింగుకి తగిలి, పైకెగిరి, మళ్ళీ అందులోనే పడింది. గెలిచేశామని సంబరం కూడా చేసుకున్నాడు పాపం. కాలు గీత మీద ఉండటంతో మూడు బదులు రెండే పాయింట్లొచ్చి ఆట సమమైంది. తర్వాత అదనపు సమయంలో 138-135తో గెలిచారు.

మరి అక్కడిదాకా తెచ్చిందెవరు? ఆరన్ నెస్మిత్. పెద్ద స్టారేం కాదు. నాలుగో క్వార్టర్‌లోనే ఆరు త్రీలు వేశాడు. చేతికి బంతి ఇచ్చారు కాబట్టే వేశాడు. ఆ జట్టు కోచ్ రిక్ కార్లైల్ చాలామందిని మార్చి మార్చి ఆడించేవాడు. ఆటంతా పరుగే. చివరికొచ్చేసరికి అవతలివాళ్ళ కాళ్ళు లాగేసేవి, వీళ్ళకి ఇంకా ఓపిక మిగిలేది.

మన హైదరాబాదీ క్రికెటర్ వి.వి.ఎస్. లక్ష్మణ్ కూడా అంతే. 2010 అక్టోబరు 5, మొహాలీ. ఆస్ట్రేలియా మీద గెలవాలంటే 216 కావాలి. 124కే ఎనిమిది వికెట్లు పోయాయి. లక్ష్మణ్‌కి నడుంనొప్పి, అతని బదులు రైనా పరిగెడుతున్నాడు. అటువైపు ఇషాంత్ శర్మ. బౌలర్ కదా, బ్యాటింగ్‌లో అరటిపండే అనుకోండి. ఇంకొకరైతే బంతులన్నీ తామే ఆడాలని చూసేవారు. లక్ష్మణ్ అతన్ని నమ్మి ఆడనిచ్చాడు. ఇద్దరూ కలిసి 81 పరుగులు చేశారు, అందులో 31 ఇషాంత్‌వి. ఇండియా ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. (ఆఖర్లో ప్రజ్ఞాన్ ఓఝా మీద లక్ష్మణ్ గట్టిగా అరిచాడు లెండి. అంత నెమ్మదస్తుడికీ కోపం వస్తుంది!)

అదృష్టం లేదా అంటే, ఉంది. ఆ బంతి రింగు బయట పడి ఉండొచ్చు. పేసర్స్ కూడా చివరికి ఫైనల్స్ ఏడో ఆటలో ఓడిపోయారు. కానీ అదృష్టం అన్నిసార్లు రాదు కదా.

మొన్న గురువారం మా పార్కింగ్‌లో ఆ చిన్నోడికి ఒక్కసారి బంతి వచ్చింది. జారవిడిచాడు. "చూశారా ఆంటీ" అన్నట్టు పెద్దపిల్లలు పైకి చూశారు. చూశాను. ఆటంతా ఇవ్వకుండా చివర్లో ఒక్కసారి విసిరితే ఎవరు మాత్రం పట్టుకుంటారు? మొదటి నిమిషం నుంచీ ఇచ్చి చూడండి.

నేను చెప్పింది తప్పనిపిస్తే, ఎందుకో ఐదు వాక్యాల్లో తెలుగులో రాయండి.