పికప్ సరే, మలుపు సంగతేంటి?

మా సిద్దిపేటలో ఎవరైనా కొత్త కారు కొంటే, చూడ్డానికొచ్చిన వాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు. పెద్దవాళ్లయితే "మైలేజ్ ఎంతిస్తది?", కుర్రాళ్లయితే "పికప్ ఎట్లుంది?". మలుపులో ఎట్లుంటది, బ్రేకేస్తే ఎంత దూరంల ఆగుతది అని అడిగినవాణ్ణి ఇంతవరకూ నేను చూడలేదు. హ్యాండ్లింగ్ అనేదానికి మనకి సరైన మాట కూడా లేదు. "బండి మాట వింటది" అంటాం చూడండి, దగ్గరగా వచ్చేది అదొక్కటే.

ఇప్పుడీ గోలంతా ఎందుకంటే, మా బామ్మర్ది. హైదరాబాదులో ఉద్యోగం, శనివారం వచ్చి ఆదివారం సాయంత్రం పోతాడు. ఒక లీటరు టర్బో ఇంజన్ ఉన్న చిన్న కారు కొన్నాడు. మొన్న వచ్చి, "బావా, రీమ్యాప్ చేయిస్తే ఇంకో ఇరవై హార్స్‌పవర్ వస్తదట, ముప్పై వేలే" అన్నాడు. నేను వంగి అతని టైర్లు చూశాను. గుండు గీయించుకున్న తలలా ఉన్నాయి. వాడి బండి, వాడి డబ్బు, నాకెందుకు అనుకోవచ్చు. కానీ సెలవులొస్తే ఆ బండి వెనక సీట్లో కూర్చునేది మా అత్తయ్యా, మా పాపా.

సరే, విషయానికొద్దాం. తక్కువ ధరలో సరదాగా నడుపుకునే కారు కావాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి? గుర్రాల మీదా, పట్టు మీదా? పట్టు మీదే అంటాను నేను. ఊరికే కాదు, లెక్కుంది.

100 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తీసుకోండి. రోడ్డు పొడిగా ఉండి, టైర్లు బాగుండి, ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే ఆ మలుపులో గంటకి సుమారు 100 కిలోమీటర్ల దాకా బండి నిలబడుతుంది. అదే మలుపు తడిసి, టైర్లు అరిగి, గుణకం 0.4కి పడిపోతే 71 దాటాక జారడమే. ఇక బ్రేకులు. 100 వేగం నుంచి ఆగడానికి మొదటి పరిస్థితిలో సుమారు 49 మీటర్లు పడితే, రెండోదాంట్లో 98. మీ కాలు బ్రేకు మీదికి పోవడానికి పట్టే టైము దీనికి అదనం, ఒక్క సెకనుకే 28 మీటర్లు. ఈ లెక్కలన్నిట్లో హార్స్‌పవర్ ఎక్కడైనా కనిపించిందా? లేదు. ఎందుకంటే అది ఈ సూత్రాల్లోనే లేదు.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే హార్స్‌పవర్ త్రూపుట్ లాంటిది, హ్యాండ్లింగ్ లేటెన్సీ లాంటిది. సర్వర్ సెకనుకి లక్ష రిక్వెస్టులు తీసుకుంటుందని గొప్పలు చెప్పొచ్చు. నొక్కిన బటన్ రెండు సెకన్లకి పలికితే వాడేవాడు తిట్టుకుంటాడు. కారూ అంతే. స్టీరింగ్ తిప్పిన క్షణానికీ బండి తిరిగిన క్షణానికీ మధ్య ఎంత సందుంది అన్నదే మనకి కలిగే ఆనందం.

కార్లు చేసేవాళ్లకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1989లో మాజ్డా వాళ్లు ఎమ్‌ఎక్స్-5 అని రెండు సీట్ల కారు తెచ్చారు. 1.6 లీటర్ల ఇంజన్, 115 చిల్లర హార్స్‌పవర్, బరువు టన్నుకి తక్కువ. 2016 నాటికి అలాంటివి పది లక్షలు తయారయ్యాయి. మన దగ్గర 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌ది 120 హార్స్‌పవర్. అంటే ఎమ్‌ఎక్స్-5 కన్నా ఎక్కువే! అయితే తమాషా ఏంటంటే, అప్పటి మామూలు ఐ20 టర్బోదీ అదే ఇంజన్, అదే 120. ఎన్ లైన్‌లో మార్చింది సస్పెన్షనూ, స్టీరింగూ, సైలెన్సర్ చప్పుడూ. వెనక చక్రాలకీ డిస్క్ బ్రేకులు పెట్టారు. "పవరేం పెరగలేదు, దీనికి ఎక్కువెందుకు పెట్టాలె?" అని మా బామ్మర్ది లాంటివాళ్లు పెదవి విరిచారు. నా దృష్టిలో ఆ పెట్టినదంతా సరైన చోటే పెట్టారు.

"రాజీవ్ రహదారి గీత గీసినట్టు ఉంటది, నాలుగు లైన్లు, నీ మలుపులెక్కడున్నయి బావా?" అంటాడు వాడు. మంచి ప్రశ్నే. దానికి నా దగ్గర పుస్తకంలో లేని జవాబొకటి ఉంది. రెండేళ్ల కింద, కోతల టైములో, రాత్రి ప్రజ్ఞాపూర్ దాటి వస్తున్నాను. వేగం 90 పైనే. ఎడమ లైన్లో నల్ల టార్పాలిన్ కప్పిన వడ్ల కుప్ప, చుట్టూ రాళ్లు. చీకట్లో కనబడేసరికి దగ్గరికొచ్చేసింది. స్టీరింగ్ కోశాను. ఎడమ చక్రాలు పరిచిన వడ్ల మీద ఎక్కి, బండి వెనక భాగం పక్కకి జారి, మళ్లీ తనంతట తనే సర్దుకుంది. రైతుని తిట్టి లాభం లేదు. కల్లం లేకపోతే ఆయన మాత్రం ఎక్కడ ఆరబోస్తాడు? అంత వేగంలో ఉన్న తప్పు నాది. నన్ను బతికించినవి అంతకు ముందు నెలే మార్చిన టైర్లు. బానెట్ కింద ఉన్న గుర్రాలన్నీ ఆ రెండు సెకన్లూ ఊరికే చూస్తూ నిలబడ్డాయి.

మన రోడ్ల మీద మలుపులు మ్యాపులో ఉండవండీ. డివైడర్ సందులోంచి రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టరో, దుద్దెడ దగ్గర అడ్డంగా నడిచే బర్రెల మందో మలుపై కూర్చుంటుంది.

పవర్ అసలొద్దని నేననడం లేదు. రెండు లైన్ల రోడ్డు మీద గడ్డి లారీని దాటాలంటే ఇంజన్లో సత్తువ కావాలి. ఎదుటి లైన్లో ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. బాగా మాట వినే బండి ఇచ్చే ధీమా కూడా ప్రమాదమే, ఒప్పుకుంటాను. కానీ ఆ సత్తువ ఈ కార్లలో ఇప్పటికే ఉంది. ఆపైన ఇంకో ఇరవై కలిపితే, ఆగడానికి పట్టే దూరం ఒక్క అడుగు కూడా తగ్గదు. కంపెనీ వారంటీ మటుకు పోతుంది.

చివరికి బామ్మర్ది నస భరించలేక ఆ ముప్పై వేలతో నాలుగు మంచి టైర్లు వేయించుకున్నాడు. అలైన్‌మెంట్ చేయించి, బ్రేక్ ఆయిల్ మార్పించాడు. రెండు వారాలాగి ఫోన్ చేశాడు.

"పికప్ ఏం పెరగలే బావా. గానీ మొన్న పొన్నాల కాడ కుక్క అడ్డమొచ్చింది. ఆగింది."

కుక్క ఆగిందా, బండి ఆగిందా అని అడిగాను. రెండూ అన్నాడు. రీమ్యాప్ మాట అప్పట్నుంచీ ఎత్తలేదు. మళ్లీ ఎత్తడని కాదు :)