టవర్ లేవకముందే

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన రాస్‌వెల్ అనే నగరం ఉంది. దాని పొరుగునే ఉన్న ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్, కమింగ్ ఊళ్లలో మనవాళ్లు చాలామంది స్థిరపడ్డారు కాబట్టి ఆ ప్రాంతం తెలుగు ఇళ్లకు కొత్తేమీ కాదు. 2010లో టీ-మొబైల్ సంస్థ రాస్‌వెల్‌లో ఇళ్ల మధ్య ఖాళీగా ఉన్న 2.8 ఎకరాల స్థలంలో 108 అడుగుల సెల్ టవర్ కడతామని నగరపాలక సంస్థకు దరఖాస్తు పెట్టింది. అది మామూలు ఇనుప టవర్ కాదు. చుట్టూ ఉన్న పైన్ చెట్లలో కలిసిపోయేలా కొమ్మలూ ఆకులూ అమర్చిన టవర్. నగర సిబ్బంది కొన్ని షరతులతో ఇవ్వవచ్చని సిఫారసు చేశారు. ఏప్రిల్ 12న బహిరంగ విచారణ జరిగింది. చుట్టుపక్కల వాళ్లు వచ్చి తమ అభ్యంతరాలు చెప్పారు. కౌన్సిల్ దరఖాస్తును తోసిపుచ్చింది.

రెండు రోజుల్లో కంపెనీకి ఉత్తరం అందింది. తిరస్కరించామన్న మాట తప్ప అందులో కారణం లేదు. కావాలంటే సమావేశం మినిట్స్ తీసుకుని చూసుకోవచ్చన్నారు. ఆ మినిట్స్ బయటికి వచ్చేసరికి మరో 26 రోజులు గడిచాయి. కోర్టుకు వెళ్లడానికి కంపెనీకి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులే. వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2015 జనవరిలో 6-3 మెజారిటీతో తీర్పు వచ్చింది. కాదనే అధికారం నగరానికి ఉంది గానీ ఎందుకు కాదంటున్నారో రాతపూర్వకంగా చెప్పాలి. కారణాలు ఆ ఉత్తరంలోనే ఉండనక్కర్లేదు, కానీ దాదాపు దానితోపాటే చేతికందాలి. రాస్‌వెల్ ఆ పని చేయలేదు కాబట్టి చట్టాన్ని పాటించలేదని కోర్టు తేల్చింది.

ఈ కేసులో నన్ను ఆకట్టుకున్నది ఒక్కటే. టవర్ మంచిదా చెడ్డదా అన్న వాదన సుప్రీంకోర్టు ముందుకు రానేలేదు. ఒక ఊరి కౌన్సిల్ తన నిర్ణయానికి కారణం ఎప్పుడు చెప్పాలన్న దానిమీదే దేశపు అత్యున్నత న్యాయస్థానం కూర్చుని ఆలోచించింది. మన దగ్గర టవర్ల మీద గొడవలు తక్కువేం కాదు. ధర్నాలు, కలెక్టరేట్‌లో అర్జీలు, రిట్ పిటిషన్లు అన్నీ ఉన్నాయి. కానీ వాటిలో దాదాపు అన్నీ టవర్ లేచాక మొదలయ్యేవే.

అక్కడి విధానానికి మూలం 1996లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం. టవర్ ఎక్కడ ఉండాలి, ఎంత ఎత్తు ఉండాలి, ఎలా కనబడాలి అన్న విషయాలను అది స్థానిక సంస్థలకే వదిలింది. అయితే వాటికి కొన్ని హద్దులు గీసింది. ఒక కంపెనీకి ఇచ్చి, అదే సేవ అందించే ఇంకో కంపెనీకి అకారణంగా కాదనకూడదు. ఊళ్లో సెల్ సేవే లేకుండా చేసే నిబంధనలు పెట్టకూడదు. దరఖాస్తును ఏళ్ల తరబడి నానబెట్టకూడదు. కాదంటే కాగితం మీద, రికార్డులో ఉన్న ఆధారాలతో కాదనాలి. ఎంతకాలంలో తేల్చాలన్నది 2009లో అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ స్పష్టం చేసింది. ఉన్న టవర్ మీదే యాంటెన్నా పెట్టుకోవడానికి 90 రోజులు, కొత్త టవర్‌కు 150 రోజులు.

మరో హద్దు మనవాళ్లకు ఆశ్చర్యంగా ఉంటుంది. ప్రసారాలు కేంద్ర కమిషన్ పెట్టిన పరిమితికి లోబడి ఉన్నంతవరకు, రేడియేషన్ కారణం చూపి ఏ ఊరూ టవర్‌ను ఆపడానికి లేదు. ఆరోగ్యం గురించి భయపడే తల్లి విచారణలో లేచి మాట్లాడవచ్చు గానీ కౌన్సిల్ ఆ కారణంతో కాదనలేదు. ఇది అన్యాయమని అక్కడ చాలామంది అంటారు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. తన పిల్లల ఆరోగ్యం గురించి ఊరు నోరెత్తకూడదనడం ప్రజాస్వామ్యానికి ఇబ్బందికరమైన షరతే. అయితే దానివల్ల అనుకోకుండా ఒక మేలు కూడా జరిగింది. మిగతా ప్రశ్నలన్నీ పదునెక్కాయి. ఇంతెత్తు అవసరమా? పక్క వీధిలోని టవర్ మీద చోటు లేదా? పడిపోతే ఎవరింటి మీద పడుతుంది? రేపు వాడకం ఆగిపోతే ఎవరు విప్పుతారు? అక్కడి చాలా ఊళ్ల నిబంధనల్లో ఈ నాలుగింటికీ దరఖాస్తుదారే జవాబివ్వాలి. టవర్ నుంచి ఇళ్లకు కనీస దూరం ఉండాలి. నిర్ణీత కాలం వాడకపోతే కంపెనీయే తీసేయాలి. అందుకు పూచీగా ముందే బాండు ఇవ్వాలి.

ఈశాన్య రాష్ట్రాల్లో వాడే బెలూన్ పరీక్ష గురించి కాస్త వివరంగా చెప్పాలి. కనెక్టికట్‌లో టవర్ల స్థలాలను ఖరారు చేసే రాష్ట్ర కౌన్సిల్ ఉంది. విచారణ రోజున దరఖాస్తుదారు ప్రతిపాదిత స్థలంలో పెద్ద బెలూన్‌ను తాడుకు కట్టి, టవర్ ఎంతెత్తు ఉంటుందో సరిగ్గా అంతెత్తుకు వదులుతాడు. ఆ సంగతి ముందుగానే ఊరికి తెలుస్తుంది. జనం తమ గుమ్మంలోంచి, బడి ఆవరణలోంచి, రోడ్డు మలుపులోంచి తలెత్తి చూసుకుంటారు. కొందరికి కనబడుతుంది, కొందరికి చెట్లు అడ్డొస్తాయి. చుట్టూ రోడ్ల మీద నిలబడి ఫొటోలు తీసి, బెలూన్ ఉన్నచోట టవర్ బొమ్మ చేర్చి విచారణలో చూపిస్తారు. గాలి ఎక్కువుంటే బెలూన్ పక్కకి వాలిపోయి అసలు ఎత్తు తెలియదు కాబట్టి ఆ విషయాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఖర్చు చూస్తే ఒక బెలూన్, కొంత తాడు, ఒక కెమెరా. కాగితం మీద 108 అడుగులంటే ఎవరికీ ఏమీ తెలియదు. తన వంటింటి కిటికీలోంచి కనబడితే ప్రతి ఇల్లాలికీ తెలుస్తుంది.

ఇంగ్లండ్‌లో పద్ధతి వేరు. అక్కడ చాలా టవర్లకు పూర్తిస్థాయి అనుమతి అక్కర్లేదు. 2022 నుంచి ప్రత్యేక రక్షణ లేని ప్రాంతాల్లో 30 మీటర్ల ఎత్తు వరకు నేల మీద టవర్ పెట్టుకోవడానికి చట్టమే అనుమతిస్తోంది. ఎక్కడ పెడతారు, ఎలా కనబడుతుందన్న రెండు అంశాలను మాత్రం స్థానిక కౌన్సిల్ పరిశీలిస్తుంది. 56 రోజుల్లో ఏదీ చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. కంపెనీకి ఇంతకన్నా సులువేముంటుంది! అయినా ఆ గడువులోనే ప్రతిపాదిత స్థలం దగ్గర 21 రోజులపాటు నోటీసు కనబడాలి. వీధిలో నడిచిపోయేవాడికి దీపస్తంభం మీది కాగితం చూస్తే విషయం తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో ఏ యాంటెన్నా ఎక్కడుందో చూపే మ్యాప్‌ను ప్రభుత్వ సంస్థే నడుపుతుంది. తన ఇంట్లో తరంగాల తీవ్రత కొలవమని పౌరుడు కోరితే ఉచితంగా కొలుస్తారు. ఆ ఖర్చుకు టెలికాం కంపెనీల మీద వేసిన పన్ను ఉంది.

ఇక ఇక్కడ. గడువు మనకూ ఉంది. టెలికాం తీగలు, టవర్లు వేసుకునే హక్కుకు సంబంధించిన 2016 నాటి రైట్ ఆఫ్ వే నిబంధనలు 60 రోజుల్లో జవాబివ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే అన్నాయి. 2022 ఆగస్టులో వచ్చిన సవరణ ఇంకా ముందుకెళ్లింది. ప్రైవేటు స్థలంలో టవర్‌కు స్థానిక సంస్థ అనుమతే అవసరం లేదంది. ప్రైవేటు భవనం మీద టవర్ పెడుతుంటే పని మొదలుపెట్టే ముందు రాతపూర్వకంగా తెలియజేసి, ఆ భవనం టవర్ బరువు మోయగలదని స్ట్రక్చరల్ ఇంజినీరు ఇచ్చిన ధ్రువపత్రం జతచేస్తే చాలు. 2023 నాటి కొత్త టెలికాం చట్టం కింద వచ్చిన నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 5జీ వేగంగా విస్తరించాలంటే ఇలాంటి సడలింపు అవసరమేనని ఒప్పుకుంటాను. ఒక్కో మున్సిపాలిటీలో ఒక్కో రుసుము, ఒక్కో ఫైలు, ఒక్కో బల్ల దగ్గర చేయి తడపడం అనే పాత పద్ధతిని ఎవరూ తిరిగి కోరుకోరు.

కానీ ఈ వరుసలో పొరుగింటివాడు ఎక్కడున్నాడు? ఒప్పందం మేడ యజమానికీ కంపెనీకీ మధ్య. తెలియజేయడం కంపెనీకీ మున్సిపాలిటీకీ మధ్య. ఆ కాగితం టౌన్ ప్లానింగ్ విభాగంలో ఫైలుకెక్కుతుంది. మూడంతస్తుల డాబా మెట్ల మీదుగా ఇనుప కోణాలు పైకి మోస్తుంటే, కింద గేటు పక్కన డీజిల్ జనరేటర్‌కు దిమ్మె కడుతుంటే, అప్పుడు వీధికి తెలుస్తుంది. అపార్ట్‌మెంట్లలో సంగతి మరీ చిక్కు. డాబా అందరిదీ. అద్దె డబ్బు మెయింటెనెన్స్‌కు కలిసొస్తుందని కొందరు సంతకాలు పెడతారు. స్లాబు కింద నిద్రపోయే పై అంతస్తు వాళ్లకు జనరేటర్ మోత, వానలో పగుళ్ల భయం మిగులుతాయి. ఆ దశలో అడగడానికి వాళ్లకు ఒక వేదిక లేదు, ఒక గడువు లేదు. అందుకే అడగాల్సిన ప్రశ్నలన్నీ ఒక్క మాటలోకి వచ్చి పడతాయి. అది రేడియేషన్. స్లాబు గురించి భయపడేవాడూ, చప్పుడు భరించలేనివాడూ, తనను అడగలేదని నొచ్చుకున్నవాడూ అందరూ ఆ పేరుతోనే అర్జీ రాస్తారు. మరో పేరుతో రాస్తే పట్టించుకునేవాళ్లు లేరు మరి.

నిజానికి రేడియేషన్ విషయంలో మన నియమం అమెరికా కన్నా కఠినంగా పెట్టుకున్నదే. 900 మెగాహెర్ట్జ్ దగ్గర అంతర్జాతీయ మార్గదర్శక పరిమితి చదరపు మీటరుకు 4.5 వాట్లు. అమెరికాలో 6 వాట్లు. మనం 2012 సెప్టెంబరు 1 నుంచి మన పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు, అంటే 0.45 వాట్లకు తగ్గించుకున్నాం. మరో సంగతి కూడా జనానికి చేరలేదు. యాంటెన్నా తన శక్తిని ప్రధానంగా ముందుకు, అడ్డంగా పంపుతుంది గాని నేరుగా కిందికి కాదు. కాబట్టి ఆలోచించాల్సింది టవర్ ఉన్న ఇంటి గురించి కన్నా, అదే ఎత్తులో ఎదురుగా ఉన్న ఇంటి గురించి. 2013 నాటి టెలికాం శాఖ మార్గదర్శకాలు ఈ దూరాన్నే నిర్దేశించాయి. ఒక యాంటెన్నా ఉంటే దాని ఎదురుగా, అదే ఎత్తులో 20 మీటర్ల లోపు భవనం ఉండకూడదు. ఆరుంటే 55 మీటర్లు. ఈ దూరం ఎవరికి ముఖ్యమో ఆ ఎదురింటివాడికే ఈ లెక్క ఎవరూ చెప్పరు. 2017లో వచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో మన చుట్టూ ఉన్న టవర్ల వివరాలు చూడవచ్చు. కొలిపించుకోవాలంటే మాత్రం 4,000 రూపాయలు కట్టాలి. ఫ్రాన్స్‌లో ఈ ఖర్చు కంపెనీల పన్నులోంచి వెళుతుంటే, ఇక్కడ భయపడ్డవాడి జేబులోంచి వెళుతోంది.

సమాచారం చీకట్లో ఉండటం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. మీ స్థలంలో టవర్ పెడతాం, నెలకు ఇంత అద్దె, ముందు రిజిస్ట్రేషన్ రుసుము కట్టండి అంటూ మోసగాళ్లు పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఎంతోమంది దగ్గర డబ్బు కాజేశారు. టవర్ల కోసం తాము ఎవరికీ నిరభ్యంతర పత్రాలు ఇవ్వమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పదేపదే ప్రకటించాల్సి వచ్చింది. టవర్ అనుమతి ఎలా నడుస్తుందో ఊరందరికీ కనబడేలా ఉంటే ఆ నకిలీ కాగితాలను నమ్మేవాళ్లు తగ్గుతారు.

అక్కడిదంతా మేలు, ఇక్కడిదంతా లోపం అని నేను అనడం లేదు. అమెరికాలో లాయర్లను పెట్టుకోగల కాలనీలు టవర్‌ను అడ్డుకుంటే అది తరచూ అడగలేనివాళ్ల పేటకు జరుగుతుంది. విచారణలు, అప్పీళ్లలో ఏళ్లు గడిచిన సందర్భాలున్నాయి. రాస్‌వెల్ దరఖాస్తు మీద సుప్రీంకోర్టు తీర్పుకే దాదాపు ఐదేళ్లు పట్టింది. ఒకే టవర్‌ను రెండు మూడు కంపెనీలు పంచుకోవడంలో మనం ముందున్నాం. 2007లో మొదలైన ఇండస్ టవర్స్ ప్రపంచంలోని పెద్ద టవర్ సంస్థల్లో ఒకటిగా ఎదిగింది. అక్కడ నిబంధన పెట్టి సాధించాలనుకున్నది మన దగ్గర వ్యాపార లెక్కే సాధించింది. ఆదాయం సంగతీ ఉంది. సెల్ టవర్ల మీద ఆస్తిపన్ను వేయవచ్చని 2016 డిసెంబరులో మన సుప్రీంకోర్టు స్పష్టం చేసింది కాబట్టి, టవర్ల లెక్కలు సక్రమంగా ఉంచుకోవడం స్థానిక సంస్థలకే లాభం.

పాత టవర్ల తొలగింపు విషయంలో మాత్రం మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. 2018లో మొబైల్ కంపెనీ ఎయిర్‌సెల్ దివాలా తీశాక వాడకం లేని టవర్లు ఎన్నో మిగిలిపోయాయి. తమిళనాడులో కొన్నింటిని దొంగలు ముక్కలు చేసి ఎత్తుకెళ్లారు. తుప్పు పట్టిన ఇనుము మేడ మీద ఉంటే తుపానుకు ఏమవుతుందో కోస్తా ఊళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. తొలగింపు బాండు అనే చిన్న షరతు ముందే పెట్టి ఉంటే ఆ భారం ఇంటి యజమాని నెత్తిన పడేది కాదు.

చేయగలిగింది చాలావరకు ఉన్న నిబంధనల్లోనే ఉంది. కంపెనీ తెలియజేసిన కాగితాన్ని, ఇంజినీరు ధ్రువపత్రాన్ని మున్సిపాలిటీ తన నోటీసు బోర్డు మీద, వెబ్‌సైట్‌లో తెలుగులో పెట్టాలి. టవర్ వచ్చే ఇంటి గేటుకు, టవర్ ఎత్తు, యాంటెన్నాలు ఎన్ని, జనరేటర్ ఎక్కడ, ఎవరిని అడగాలి అన్న నాలుగు వివరాలతో ఒక కాగితం 21 రోజులు అంటించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వార్డు సచివాలయాలు వచ్చాయి. వాటిలో ప్లానింగ్ చూసే కార్యదర్శులను పెట్టారు. ఈ పనికి అంతకన్నా దగ్గరి చోటు లేదు. తెలంగాణలో వార్డు కమిటీలు ఈ బాధ్యత తీసుకోవచ్చు. టవర్‌ను ఆపే అధికారం వాళ్లకు లేకపోయినా, పక్క స్థలం మేలని, జనరేటర్‌ను వెనక్కి జరపమని, చప్పుడు తగ్గించే పెట్టె బిగించమని సూచించే అవకాశం ఉంటుంది. పని మొదలవక ముందు చెబితే అలాంటి సూచనలు పాటించడం కంపెనీకి పెద్ద భారం కాదు. స్లాబు మీద బోల్టులు బిగించాక కోర్టుకెళితే రెండు పక్షాలకూ భారమే.

మీ వీధిలో ఇనుప కోణాలు దిగడం కనబడితే ధర్నాకు ముందు మున్సిపల్ కార్యాలయానికి వెళ్లండి. కంపెనీ ఇచ్చిన సమాచారం, స్ట్రక్చరల్ ధ్రువపత్రం నకళ్లు అడగండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో వాళ్లు జవాబివ్వాలి.