రెండున్నర సెంట్లలో ఊరి పంట

ప్రభుత్వ విధానాలకు గణాంకాలే పునాది అని విశ్వవిద్యాలయాల సదస్సుల్లో పండితులు చెబుతుంటారు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ జయంతి జూన్ 29ని 2007 నుంచి గణాంక దినోత్సవంగానూ జరుపుతున్నారు. బాగానే ఉంది. అయితే ఆ అంకెలు పుట్టేది మన చేలల్లోనని అక్కడ ఎందరికి గుర్తుంటుందో!

వరి దిగుబడి తేల్చడానికి పొడవు, వెడల్పు 5 మీటర్ల చొప్పున తాడు కట్టి, అందులోని పైరు కోసి, నూర్చి, తూస్తారు. 2016 నాటి ఫసల్ బీమా నిబంధనల్లో ప్రధాన పంటకు పంచాయతీకి కనీసం 4 కోతలన్నారు. నాలుగూ కలిపితే సుమారు రెండున్నర సెంట్లు. ఊరందరి పరిహారానికి అదే ముఖ్య ఆధారం.

అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టే ఇదీ; పద్ధతిలో దోషం లేదు. కానీ లాటరీ పద్ధతిన పడిన సర్వే నంబరు వదిలేసి, బురద తొక్కలేక రోడ్డు పక్క చేలో తాడు కడితే? కాలువ మొదట్లో పండిన పంట లెక్కకెక్కుతుంది. శివారు భూముల రైతుకు పైరు ఎండినా పైసా రాదు. ఏ సదస్సూ దాన్ని సరిదిద్దలేదు.

కోత తేదీని ముందురోజే దండోరా వేయించాలి. రైతుల ఎదుటే తూచి, సర్వే నంబరు, బరువు పంచాయతీ బోర్డుపై రాయాలి. సదస్సులకు కోత కోయించే గ్రామ సిబ్బందిని కూడా పిలిస్తే, చిక్కు ఎక్కడుందో వారే చెబుతారు.