ఇల్లు మనది, తాళపుచెవి యెవరిది?

క్రొత్తగా ఇల్లు కట్టుకొన్న గృహస్థుడు తలుపునకు గడియ బిగించిన వెంటనే బజారునకు పోయి తాళము కొని తెచ్చుకొనును. దాని చెవులెన్ని యున్నవో లెక్క చూచుకొని, ఒకటి భార్యచేతికిచ్చి, రెండవదానిని మొలత్రాటికి కట్టుకొనును. దుకాణదారుడు "అయ్యా, ఈ చెవి ఊరిలోని తాళములన్నిటికిని పట్టును" అని చెప్పినచో ఆ తాళమును కొనువాడు మన కోస్గిలో ఒక్కడును దొరకడు. అట్టి జాగ్రత్తగల గృహస్థుడే తన ఇంటిలో ఇంటర్నెట్టు కనెక్షను పెట్టించుకొన్ననాడు, ఆ పెట్టెతో వచ్చిన తాళపుచెవి యెవరెవరి చేతులలో నున్నదో విచారింపడు. పెట్టె బిగించుటకు వచ్చిన కుఱ్ఱవాడు ఏదో ఒక పాస్‌వర్డు పెట్టి, అందరి ఫోనులలో అది పనిచేయుట చూపి, సైకిలుమోటారెక్కి పోవును. ఇల్లాలు, పిల్లలు సంతోషింతురు. ఆ విషయమంతటితో ముగిసినదని అందరును తలంతురు. నిజమున కది అప్పుడే ప్రారంభమగుచున్నది.

ఈ మాట మన ప్రాంతమువారికి నేడు చెప్పుటకు కారణము గలదు. మహబూబ్‌నగరము జిల్లాలో నుండిన కోస్గి, 2019 ఫిబ్రవరిలో ఏర్పడిన నారాయణపేట జిల్లాలో చేరినది. ఆ జిల్లాలోని మద్దూరు మనకు పొరుగు. రాష్ట్ర ప్రభుత్వము టీ-ఫైబరు పథకమును ప్రయోగముగా నాలుగు గ్రామములలో 2024 డిసెంబరు 8వ తేదీన ప్రారంభింపగా, అందులో మద్దూరొకటి. ఒకే తీగమీద ఇంటర్నెట్టు, కేబులు టీవీ, ఫోను ఇంటింటికి చేర్చుట ఆ పథకముయొక్క ఉద్దేశము. మన పాలమూరు సీమ వలసలకు పేరుమోసినది. ముంబయిలోను పూణెలోను కట్టడముల పనికి పోయిన కొడుకు ముఖము తల్లి చూచునది ఫోనులోనే. అతడు పంపిన కూలిడబ్బు ఇల్లు చేరునదియు ఫోనుద్వారానే. కనుక ఇంటర్నెట్టు పెట్టె నేడు షావుకార్ల విలాసవస్తువు కాదు. బీదవాని ఇంటికి అది తపాలా బంట్రోతు, మనియార్డరు, పాఠశాల అన్నియు నైనది. అట్టిదానికి తాళము సరిగా లేకుండుట చిన్న లోపమని యెట్లు చెప్పగలము?

మొదట ఈ పెట్టెయనగా నేమో తెలిసికొందము. దీనిని రౌటరందురు. బయటినుండి వచ్చు తీగను ఇంటిలోని ఫోనులకు, టీవీకి, కంప్యూటరునకు వైఫై తరంగముల రూపమున పంచిపెట్టుట దీని పని. ఈ తరంగములు గోడల నడుమ ఆగవు. వీథిలోనికిని, పొరుగింటి మిద్దెమీదికిని పోవును. ఈ పెట్టెకు తాళములు రెండు గలవు. మొదటిది వైఫై పాస్‌వర్డు; ఇది ఇంటి వీథితలుపు వంటిది. రెండవది పెట్టెయొక్క సెట్టింగులను మార్చుటకు వలయు అడ్మిన్ పాస్‌వర్డు. ఇది ఇనుపపెట్టె చెవి వంటిది. మొదటి దానిని గూర్చి అందరును వినియున్నారు. రెండవది యొకటి యున్నదనియే పలువు రెఱుగరు. కర్మాగారములో ఒకే రకపు పెట్టెలకు అన్నిటికిని "అడ్మిన్" అను పేరు, "అడ్మిన్" అను పాస్‌వర్డు వేసి పంపుట చిరకాలము సాగిన ఆచారము. ఊరి తాళములన్నిటికిని పట్టు చెవి యనగా నిదియే.

"మా ఇంట దోచుకొనుట కేమున్నది? పొరుగువాడు కొంచెము వాడుకొన్న నష్టమేమి?" అని కొందరు అందురు. ఈ వాదము వినుట కింపుగా నుండును గాని నిలువదు. 2008 జూలై 26వ తేదీన అహమ్మదాబాదులో బాంబులు ప్రేలి 56 మంది మరణించిరి. ప్రేలుళ్లకు కొద్ది నిమిషముల ముందు బెదిరింపు ఈ-మెయిలు వెలువడెను. పోలీసులు దాని జాడ పట్టుకొని నవీముంబయిలో నివసించుచుండిన ఒక అమెరికా దేశస్థుని ఇంటికి వచ్చిరి. అతని వైఫైకి తాళము లేదు. ఎవరో దుండగులు దానిని వాడుకొనిరి. ఆ కుట్రలో అతనికి పాత్ర లేదని తేలువరకు అతడు విచారణల పాలు కావలసి వచ్చెను. ఆ మఱుసటి సంవత్సరమే, 2009 ఫిబ్రవరిలో, కేంద్ర టెలికాము శాఖవారు వైఫై కనెక్షనులను భద్రపఱుపవలెనని సంస్థలకు ఆదేశములిచ్చిరి. మన కనెక్షనునుండి జరిగిన పనికి మొదట మన తలుపే తట్టుదురు. విద్యావంతుడైన పట్టణవాసికే అంత చిక్కు కలిగెనే, కొడుకులు దూరదేశమున నుండగా ఒంటరిగా నున్న వృద్ధురాలి ఇంటికి పోలీసులు వచ్చిన నామె యేమని సమాధానము చెప్పగలదు?

ఇనుపపెట్టె చెవి పరుల చేతబడిన నేమగునో బ్రెజిలు దేశమువారు చూచిరి. 2011 మొదలుకొని అచ్చటి సుమారు 45 లక్షల మోడెములలోనికి మోసగాండ్రు చొరబడి సెట్టింగులు మార్చిరి. ఇంటివారు తమ బ్యాంకు పేరే సరిగా వ్రాసినను, తెరమీదికి వచ్చునది దొంగ బ్యాంకు పుట. ఫోనులో లోపము లేదు, మనుష్యుని చేతిలో పొరపాటు లేదు. త్రోవ చూపు పెట్టెయే తప్పు త్రోవ చూపినది. 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము, సుమారు 60 జతల మామూలు పేర్లు, పాస్‌వర్డులు మాత్రమే ప్రయోగించి లక్షలకొలది రౌటర్లను, కెమేరాలను లోబఱచుకొని, ఆ యేడు అక్టోబరు 21న అమెరికాలో పేరుగాంచిన వెబ్‌సైట్లను గంటలతరబడి అందకుండ జేసినది. మన దేశమున 2017 జూలైలో బి.ఎస్.ఎన్.ఎల్. వారి మోడెములు వేలకొలదిగా ఇట్టి దాడికి గురికాగా, పాస్‌వర్డు మార్చుకొనుడని ఆ సంస్థవారు ఖాతాదారులకు విజ్ఞప్తి చేయవలసి వచ్చినది. మొదటి పాస్‌వర్డును మార్చనివారి పెట్టెలే దెబ్బతిన్నవి. మార్చుకొన్నవారు నిశ్చింతగా నుండిరి. ఇంతకన్న స్పష్టమైన పాఠ మింకేమి కావలయును?

ఇక చేయవలసిన దేమి? పని కష్టము కాదు. ఒక ఆదివారము మధ్యాహ్నము చాలును. పెట్టె క్రింద అంటించిన కాగితముమీద ఒక చిరునామా యుండును. అది తరచుగా 192.168.1.1 లేక 192.168.0.1 అని యుండును. వైఫైకి తగిలియున్న ఫోనులో బ్రౌజరు తెఱచి దానిని వ్రాసిన సెట్టింగుల పుట తెఱచుకొనును. మొట్టమొదట అడ్మిన్ పాస్‌వర్డు మార్చవలయును. తరువాత వైర్‌లెస్ అను భాగమునకు పోయి వైఫై పేరు మార్చవలయును. ఆ పేరులో ఇంటిపేరు గాని, ఫోను నంబరు గాని ఉండరాదు. పిమ్మట సెక్యూరిటీ యన్నచోట డబ్ల్యు.పి.ఏ.3 యున్న దానిని, లేనిచో ఏ.ఈ.ఎస్.తో కూడిన డబ్ల్యు.పి.ఏ.2ను ఎన్నుకొనవలయును. వెప్ అను పాత పద్ధతిలోని లోపము 2001లోనే బయటపడినది. దానిని నమ్ముట చెదలు తిన్న తలుపునకు తాళము వేయుటయే. డబ్ల్యు.పి.ఏ.2 2004లోను, డబ్ల్యు.పి.ఏ.3 2018లోను వచ్చినవి. పెట్టె మిక్కిలి పాతదై ఈ రెండును లేనిచో దానిని మార్పించుటయే మేలు.

పాస్‌వర్డు విషయమున మనవారి కొక అలవాటున్నది. తమ ఫోను నంబరునే పెట్టుకొందురు. పది అంకెలు గదా, ఎవడు కనిపెట్టగలడని ధైర్యము. మనుష్యుడు కనిపెట్టలేడు, యంత్రము కనిపెట్టును. దుండగుడు వీథిలో నిలిచి, మన ఫోను రౌటరునకు తగులుకొను క్షణమున జరుగు సంభాషణను పట్టుకొనిపోయిన చాలును. తరువాత తన ఇంట తీఱికగా గ్రాఫిక్ కార్డుగల మంచి కంప్యూటరుచే నిమిషమునకు కోట్లకొలది ఊహలను పరీక్షింపవచ్చును. పది అంకెల నంబర్లన్నియు కొన్ని గంటలలో ముగియును. అదే ఒకదానితో నొకటి పొందిక లేని నాలుగైదు తెలుగు మాటలను ఆంగ్లాక్షరములతో వరుసగా వ్రాసినచో ఆ లెక్క యంత్రమునకును అలవి కాదు. డబ్ల్యు.పి.ఏ.2లో పాస్‌వర్డు ఎనిమిది అక్షరములకు తగ్గరాదు, అఱువదిమూటికి మించరాదు. ఇంత చోటుండగా పిసినారితన మెందులకు? ముసలివారు మఱచిపోదురన్న భయ మక్కఱలేదు. కాగితముమీద వ్రాసి ట్రంకుపెట్టెలో నుంచుకొనుడు. వీథిలోని దొంగ వైఫైని వినగలడు గాని ట్రంకులోని కాగితమును చదువలేడు.

మఱి రెండు కిటికీలు మూయవలసియున్నవి. డబ్ల్యు.పి.ఎస్. అను సౌకర్యము ఎనిమిదంకెల పిన్నుతో ఫోనును తగిలించును. దాని నిర్మాణమున నున్న లోపముచేత సుమారు పదునొకండువేల ప్రయత్నములతోనే ఆ పిన్ను చిక్కునని 2011 డిసెంబరులో వెల్లడియైనది. దానిని ఆపివేయుడు. రిమోట్ మేనేజ్‌మెంటు, అనగా బయటి ఊరినుండియే పెట్టెను తెఱచు సౌకర్యము, మీ కక్కఱలేనిచో దానిని గూడ ఆపుడు. సంస్థవారు తమ నిర్వహణకై ఉంచుకొన్నదైనచో వారినడిగి తెలిసికొనుడు. ఫర్మ్‌వేరు, అనగా పెట్టెలోని ప్రోగ్రాము, క్రొత్తది వచ్చినప్పుడు మార్చుకొనుడు. పెట్టె వెనుక సూదిబెజ్జములో నుండు రీసెట్ మీటను మాత్రము తొందరపడి నొక్కరాదు. ఫైబరు కనెక్షను వివరములు గూడ చెరిగిపోయి ఇంటర్నెట్టే ఆగిపోవచ్చును.

అతిథిసత్కారము మన ఆచారము. ఇంటికి వచ్చిన బంధువు వైఫై అడిగినప్పుడు లేదనుట మనచేత కాదు, కానక్కఱయు లేదు. చాల రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ అను ఏర్పాటున్నది. అది ఇంటికి అరుగు వంటిది. అతిథి అరుగుమీద సుఖముగా కూర్చుండును, వంటయింటిలోనికి రాడు. వేఱు పేరు, వేఱు పాస్‌వర్డు పెట్టి, పెండ్లి ముగిసిన తరువాత దానిని మార్చిన చాలును. ఇందువలన మర్యాదయు నిలుచును, భద్రతయు నిలుచును.

అయితే భారమంతయు గృహస్థునిమీదనే మోపుట న్యాయము కాదు. సెట్టింగుల పుట ఆంగ్లమున నుండును. డబ్బు పుచ్చుకొని పెట్టె అమ్మినవారు, బిగించినవారు తమ బాధ్యతను దులుపుకొని పోరాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 2020 జనవరి నుండియు, ఇంగ్లండున 2024 ఏప్రిలు 29 నుండియు అన్ని పెట్టెలకు ఒకే పాస్‌వర్డు వేసి అమ్ముటను శాసనములు నిషేధించినవి. అచ్చటి ప్రజలకు పనికివచ్చిన రక్షణ కోస్గి ప్రజలకు పనికిరాదా? మా కోరిక స్వల్పము. కనెక్షను ఇచ్చువా రెవరైనను, ప్రభుత్వమువారైనను, కేబులు వారైనను, గృహస్థునిచేతనే రెండు పాస్‌వర్డులను మార్పించి, అనుసరింపవలసిన పద్ధతిని తెలుగులో అచ్చొత్తిన కాగితమొకటి ఆయన చేతికిచ్చి గాని ఇల్లు విడువరాదు. దీనికి పట్టుకాలము పది నిమిషములు. మీటరు పెట్టిన కరెంటువాడు ఫ్యూజు చూపక పోవునా?

ప్రభుత్వము చేయువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండవలసిన పని లేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన పెద్దలు ప్రభుత్వాజ్ఞకై కాచుకొనలేదు. చదువు వచ్చినవారు రానివారికి చదివి వినిపించుట నాటి పఠనమందిరముల ధర్మము. నేటి ధర్మము దానికి భిన్నము కాదు. ప్రతి పఠనమందిరమునందును, ప్రతి పాఠశాలయందును పైన చెప్పిన క్రమమును పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు తగిలింపవలయును. చదువుకొన్న యువకుడొక్కొక్కడు తన వాడలో పది ఇండ్లకు పోయి, గృహస్థుని ప్రక్కన కూర్చుండి, ఆయన వ్రేలితోనే ఆయన పాస్‌వర్డు వ్రాయింపవలయును. తాను మాత్రము ఆ సమయమున ముఖము త్రిప్పుకొనవలయును. ఇంతకుముందే మోసపోయినవారున్నచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయుమని చెప్పవలయును.

తీగ మన ఇంటివరకు వచ్చుట ప్రభుత్వముయొక్కయు, వర్తకులయొక్కయు పని. తలుపు వేసికొనుట మన పని. ఈ పత్రికను చదివి మడిచినవారు, మడచిన వెంటనే తమ రౌటరును తిరగవేసి దాని క్రిందనున్న కాగితమును చదువుదురు గాక. అచ్చట అచ్చుపడిన పాస్‌వర్డే నేటికిని నడచుచున్నచో, ఈ ఆదివారమే దానిని మార్చుదురు గాక.