ఏది అసలు కోట?

కిందటి సెలవుల్లో మనవణ్ణి వెంటబెట్టుకుని తిరుత్తంగల్ నుంచి సాత్తూరు, కోవిల్‌పట్టి మీదుగా పాంచాలంకురిచ్చి వెళ్ళాను. ద్వారం కనపడగానే "కట్టబొమ్మన నాయకుడు ఉన్న కోట ఇదేరా" అన్నాను గర్వంగా. వాడు లోపలికి వెళ్ళి ఎవరినో అడిగి వచ్చి, "తాతా, దీన్ని 1974లో కట్టారట" అన్నాడు. నా నోట మాట రాలేదు.

నిజమే. మనమంతా ఫోటోలు దిగి వచ్చేది తమిళనాడు ప్రభుత్వం కట్టించిన స్మారకం. అసలుది ఆ దగ్గర్లోనే నేలబారుగా, పునాదుల వరుసగా ఉంది.

అది ఎలా ఉండేదో కొలతలతో చెప్పినవాడు దాన్ని పట్టుకోవడానికి వచ్చిన దొర కావడం విచిత్రం! 1801 యుద్ధంలో ఉన్న జేమ్స్ వెల్ష్ రాసిన పుస్తకం 1830లో అచ్చయింది. పొడవు సుమారు 500 అడుగులు, వెడల్పు 300, గోడ ఎత్తు 12 అడుగులు, చిన్న చదరపు బురుజులు. రాయి కాదండీ, గోడంతా బంకమట్టే. మన అవ్వలు తొక్కించి ఇళ్ళకు పెట్టించిన మట్టిలాంటిదే అనుకోండి.

1799లో కట్టబొమ్మనను కయత్తారులో ఉరితీసి, కుంపిణీవాళ్ళు ఈ గోడల్ని నేలమట్టం చేశారు. 1801 ఫిబ్రవరిలో తమ్ముడు ఊమైత్తురై, అంటే మన మాటలో మూగదొర, పాళయంకోట చెర తప్పించుకుని వచ్చాడు. వారం తిరిగేసరికి సైన్యం వచ్చి చూస్తే గోడలు మళ్ళీ లేచి ఉన్నాయి! మట్టి గనుక సాధ్యమైంది. రాతికోట అయితే ఏళ్ళు పట్టేది. మార్చి 31న ముట్టడించి వాళ్ళు ఓడిపోయారు. మే 24న కోట పడింది. ఈసారి కూల్చడమే కాక దున్ని ఆముదాలు చల్లారని మన పెద్దలు చెప్పుకుంటారు.

ఇంగ్లండులో 20వ శతాబ్దంలో వందలకొద్దీ జమీందారీ భవనాలను యజమానులే పన్నులకు, మరమ్మతులకు తాళలేక పడగొట్టించారు. వాటిలో చాలావాటికి ఫోటోలైనా మిగిలాయి.

మీరు వెళ్ళినప్పుడు జక్కమ్మకు దణ్ణం పెట్టుకుని, పిల్లల్ని ఆ పునాదుల దగ్గరికీ తీసుకెళ్ళండి.

మా అవ్వ కట్టించిన మట్టిగోడల ఇంటిని పొంగలి పండుగ తర్వాత పడగొట్టబోతున్నాం. ఊరు చేరిన మరునాడే మావాడు టేపు పట్టుకుని దాన్ని కొలిచి, నోటుబుక్కులో గీసుకున్నాడు. గోడ మందం ఒకటిన్నర అడుగు. వంటింటి మూల ఒకటి మాత్రం కట్టెలు అడ్డొచ్చి మిగిలిపోయింది. ఈ ఆదివారం ఆ కట్టెలు తీయించాలి.